సాయంత్రం రమ్మన్నవాడు

పొద్దున్నే వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే షాపతన్ని మిడత అంతవరకూ ఎక్కడా చూడలేదు.

మిడత అన్నది అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని అక్క పెట్టిన పేరు. పెంచింది అక్కే కాబట్టి అదే నిలిచిపోయింది. ఇప్పుడు లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పగలంతా కదలకుండా నిలబడే ఉద్యోగం చేస్తోంది. అయినా పేరు మాత్రం పోలేదు.

ఆ రోజు పనికి వెళ్తూ బూట్ల షాపులోకి అడుగుపెట్టింది. షట్టరు అప్పుడే ఎత్తారు. తుడిచిన నేల ఇంకా ఆరలేదు. వెనక గోడ నిండా కొండదారుల్లో పరిగెత్తే షూస్ వరసలుగా ఉన్నాయి. గోడ పక్కన వెడల్పాటి చెక్క ఒకటి ఏటవాలుగా నిలబెట్టి ఉంది. దాని మీద కంకర, పెంకుముక్కలు, ఒక నున్నటి రాతిపలక అతికించారు. అదేం అలంకారమో ఆమెకి అర్థం కాలేదు.

"ఆ నీలంవి ఇవ్వండి. ఆరో నంబరు," అంది.

కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడు ఆమె మొహం చూడలేదు. కాళ్ళు చూశాడు.

"ఎక్కడ పరిగెత్తడానికండీ?"

"నేల మీద."

"నేలంటే తారురోడ్డా, మట్టా, రాళ్ళా?"

"ఏదైతే ఏంటి? బూట్లు బూట్లేగా."

"అన్నిటికీ ఒకటే జతయితే నాకింత గోడ ఎందుకండీ!"

అడిగినవాటికి జవాబు చెప్పకపోతే ఇతను పెట్టె తెరిచేలా లేడని ఆమెకి తెలిసిపోయింది. అడవి గార్డు ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉందని చెప్పింది. కొండ ఎక్కి దిగాలి. ఎక్కే దారి కంకర, దిగే దారి బండ. వాన పడితే బండ మీద పాకుడు.

పాకుడు అనగానే అతని మొహం వెలిగింది. పాకుడు పేరు చెబితే మొహం వెలిగేవాళ్ళని కూడా ఆమె అంతవరకూ చూడలేదు.

"అయితే ఈ నీలంవి మీకు పనికిరావు. చూడ్డానికి బాగుంటాయి. అడుగున పళ్ళు పొట్టి, రబ్బరు గట్టి. తడిబండ మీద సబ్బుబిళ్ళే." ఇంకో జత తీసి తిరగేశాడు. "ఇవి చూడండి. పళ్ళు ఎడంగా ఉన్నాయి, బురద ఇరుక్కోదు. గోరుతో నొక్కండి. మెత్తగా ఉంది కదా? రాయిని పట్టుకునేది ఇదే."

"రంగు దరిద్రంగా ఉంది."

"కొండకి రంగులు తెలీవండీ."

నవ్వు వచ్చినా ఆమె బిగపట్టింది. "సరే, అవే ఇవ్వండి. ఆరు."

అతను జతని తీసినచోటే పెట్టేశాడు. "సాయంత్రం రండి."

"ఏం? ఇప్పుడేమైంది?"

"ఇప్పుడింకా మీ కాళ్ళు నిద్ర లేవలేదండీ. సాయంత్రానికి లేస్తాయి. అప్పుడు చూద్దాం."

మాటల్లో తప్పేమీ లేదు. చెబుతూ నవ్వాడు, అదే తప్పయింది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇలాంటి మాటలు చాలా విన్నాన్లెండి," అని విసురుగా బయటికి వచ్చేసింది. వెనక నుంచి "అయ్యో, అది కాదండీ..." అని వినిపించింది. వినదలుచుకోలేదు.

* * *

ఆ కోపంలో వేరే షాపుకి వెళ్ళిపోయేదే. కానీ ఊళ్ళో కొండ షూస్ అమ్మే షాపు అదొక్కటే. పైగా ఈ పరీక్ష ఆమెకి సరదా కాదు.

కిందటేడాది ఇదే పరీక్షలో ఎక్కేటప్పుడు అందరికంటే ముందుంది. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకి జారి వేళ్ళు గోడకి కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి. సగం దారిలో కూలబడిపోయింది. తనకంటే వెనకున్నవాళ్ళంతా పక్కనుంచి దిగి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చుంది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇక ఈసారి తప్పితే ఇస్త్రీపెట్టె తప్పదు.

పని నుంచి ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అక్క చంకలో పిల్లాణ్ణి ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. అక్కకి భయం వేస్తే చేసే మొదటి పని అది.

"సాయంత్రం రమ్మన్నాడా? ఒక్కదాన్నేనా?"

"ఒక్కదాన్ని రమ్మని అన్లేదు."

"ఇద్దర్ని రమ్మన్నాడా?"

"అదీ అన్లేదు."

"చూశావా! అననే అన్లేదు. అలాంటివాళ్ళు అనరు." అక్క చెప్పులు తొడుక్కుంది. "పద, నేనూ వస్తా. నలుగురిలో అడిగేస్తే మళ్ళీ ఏ ఆడపిల్లనీ రమ్మనడు."

అక్కకి లోకమంతా గుంటలే. పిల్లాడు దగ్గితే న్యుమోనియా, చెల్లెలు ఆలస్యమైతే యాక్సిడెంటు. తను ఎనిమిదో క్లాసులో బడి మానేసి చెల్లెల్ని చదివించింది. ఆ చదువు అడవిలో తిరిగే ఉద్యోగం దగ్గరికి వచ్చి ఆగినందుకు రోజూ బెంగ పడుతుంది. పరీక్ష రోజు దగ్గర పడేకొద్దీ ఎక్కడ తప్పుతుందోనని అంతకంటే ఎక్కువ బెంగ పడుతుంది.

సాయంత్రం షాపు నిండా జనం. గోడవారగా బెంచీ మీద ఐదారుగురు బూట్లు విప్పి పాదాలు చాపుకుని వరసగా కూర్చున్నారు. కౌంటరు దగ్గర ఒక పెద్దావిడ పెట్టెలకి కాగితాలు చుడుతోంది. అక్క అదేమీ పట్టించుకోలేదు.

"ఏవండీ! మా చెల్లెల్ని సాయంత్రం రమ్మన్నారట. ఏంటి సంగతి?"

బెంచీ మీది తలలన్నీ ఇటు తిరిగాయి. కుర్రాడు నేల మీద మోకాలు మోపి ఎవరి పాదమో కొలుస్తున్నాడు. తలెత్తాడు.

"వీళ్ళందర్నీ సాయంత్రమే రమ్మన్నానండీ. పగలంతా తిరిగాక పాదం వాస్తుంది. కొండ దిగేటప్పుడు ఉండేది ఆ పాదమే. పొద్దుటి కొలతకి కొంటే వేళ్ళు నలిగిపోతాయి."

బెంచీ చివర బండమీసాల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నన్నూ రమ్మన్నాడమ్మా. నాకూ అనుమానం వచ్చింది."

షాపంతా గొల్లుమంది. కాగితాలు చుట్టే పెద్దావిడ మొహం పక్కకి తిప్పుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆవిడ కుర్రాడి అమ్మ.

తప్పులో కాలేశానని అక్కకి తెలిసింది. తెలిసింది కాబట్టే ఇంకా బిగుసుకుంది. "ఏమో, అవన్నీ మాకెలా తెలుస్తాయి? కానివ్వండి, తొందరగా. పిల్లాడు ఏడుస్తాడు," అంటూ చెల్లెలి పక్కనే కాపలా నిలబడి అతని చేతులకేసి చూడసాగింది.

మిడతకి అక్కడ నేల చీలితే దూరిపోదామనిపించింది.

అతను మట్టిరంగు జతలో ఆమె పొద్దున అడిగిన ఆరో నంబరే తెచ్చి ముందు పెట్టాడు. ఆమె తొడుక్కుని లేచింది. బూటు ముందుభాగం నొక్కి చూడ్డానికి బొటనవేలు చాపాడు. అక్క చూపు ఆ వేలి మీద పడింది. వేలు గాల్లో ఆగిపోయింది. చెయ్యి లాక్కుని రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు.

"మీరే చూసుకోండి. వేళ్ళ ముందు బొటనవేలంత చోటు ఉందా?"

"ఉంది," అంది, చూడకుండానే.

"ఆ చెక్క మీంచి ఒకసారి దిగి చూస్తారా? మడమ కదలకూడదు, వేళ్ళు తగలకూడదు."

బెంచీ మీదున్న వాళ్ళందరూ ఆమె దిగటం కోసమే టిక్కెట్టు కొనుక్కున్నట్టు చూస్తున్నారు. పిల్లాడు సమయానికి రాగం అందుకున్నాడు.

"అక్కర్లేదు. బాగానే ఉన్నాయి."

అతను ఏదో అనబోయి అక్కని చూసి మానేశాడు. పెట్టె కట్టి ఇచ్చేశాడు.

* * *

బూట్లు బాగానే పట్టుకున్నాయి. పని లేని పూట ఊరి చివర గుట్ట మీద పరిగెత్తింది. సన్నగా జల్లు పడుతోంది. కిందటేడాది కాలు పెట్టడానికే భయపడ్డ బండలాంటిదాని మీద కూడా అడుగు వేసినచోట వేసినట్టే నిలబడింది. రంగు సంగతి మర్చిపోయింది.

దిగేటప్పుడు మాత్రం పాత కథే. వేళ్ళు ముందుకి పోయి తగులుతున్నాయి. లేసులు బిగించింది, పాదం పైన కోసుకుంది. వదులు చేసింది, మడమ లేచింది. పల్చటి సాక్సు వేసుకుంది. మళ్ళీ పరిగెత్తింది. ఎడమకాలి బొటనవేలి గోరు కింద నల్లటి మచ్చ కనబడింది.

తప్పు ఎవరిదో ఆమెకి బాగా తెలుసు. "ఉంది" అన్నది తనే. షాపుకి వెళ్ళి మార్చమనడానికి మొహం చెల్లడం లేదు. బండమీసాల పెద్దాయన ఇంకా ఆ బెంచీ మీదే కూర్చుని ఉంటాడనిపించేది. ఇంట్లో ఎప్పుడూ సాక్సుతోనే తిరిగేది, అక్క చూస్తే ఊరుకోదని.

"ఇంట్లో సాక్సులేంటే?"

"చలి."

"ఉక్కపోతలో చలేంటి? జ్వరమేమో, ఇటు రా." అక్క నుదురు తడిమి చూసేది. నుదురు చల్లగానే ఉండేది.

పరీక్ష వారంలోకి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వాన వెలిశాక ఎవరో తలుపు కొట్టారు.

అక్క తీసింది. గుమ్మంలో బూట్ల షాపు కుర్రాడు, పక్కన వాళ్ళమ్మ. ఇద్దరూ శుభ్రంగా తయారై ఉన్నారు. అతని చేతిలో పెట్టె. ఎందుకో అతని చొక్కా గుండీలు మెడ దాకా పెట్టి ఉన్నాయి.

అక్క ఒక్క క్షణం చూసింది. చంక మార్చుకుంది. తర్వాత ఎప్పుడూ బయటికి తీయని కప్పులు తీసింది.

మిడత వంటింటి తలుపు వెనక నిలబడిపోయింది.

"కూర్చోండి పిన్నిగారూ," అంది అక్క. గొంతులో తేనె. "ఇల్లెలా తెలిసింది?"

"లాండ్రీలో చేస్తుందని మా బేరాల్లో ఒకాయన చెబితే అక్కడ అడిగాడమ్మా. ఒక్కణ్ణే వెళ్తే బాగుండదు, నువ్వూ రా అని నన్ను లాక్కొచ్చాడు."

"పద్ధతి తెలిసిన పిల్లాడు. మా చెల్లెలు మాత్రం ఉద్యోగం వచ్చేదాకా ఆగాలంటుందండీ."

"ఆగితే ఎలా తల్లీ?" పెద్దావిడ కంగారుపడింది. "ఇప్పటికే ఆలస్యమైందని మావాడు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

అక్క కళ్ళు పెద్దవయ్యాయి. "అన్నం కూడానా!"

"రోజూ అదే గొడవ. ఆ అమ్మాయి చెక్క దిగలేదమ్మా, చెక్క దిగలేదమ్మా అని."

"చెక్కేంటండీ?"

అతనిక ఆగలేక లేచి నిలబడ్డాడు. "ఆ రోజు మీ చెల్లెలుగారు చెక్క మీంచి దిగి చూడకుండానే వెళ్ళిపోయారండీ. నేను దిగమని గట్టిగా అడగాల్సింది. ముందుభాగం నొక్కి కూడా చూడలేదు. మా షాపులో ఎవరికీ అలా ఇవ్వలేదు. మీరు చూస్తున్నారని నేను..." ఆగాడు. "నా పని నేను చెయ్యలేదు. అర నంబరు పెద్దవి తెచ్చాను. ఒక్కసారి వేసి చూస్తే చాలు. పాతవే సరిపోయుంటే ఇవి వెనక్కి పట్టుకెళ్ళిపోతాను."

అక్క కప్పుల వంక చూసింది. కప్పులు మళ్ళీ లోపల పెట్టడం బాగుండదు.

ఇప్పుడు తలుపు వెనకున్న మనిషి వంతు. బాగానే ఉన్నాయంటే సరిపోతుంది. అతను వెళ్ళిపోతాడు, పరువు ఉంటుంది, పరీక్ష పోతుంది. మిడత బయటికి వచ్చింది. కుర్చీలో కూర్చుని ఎడమకాలి సాక్సు తీసేసింది.

"ఓరి దేవుడా!" అంది అక్క. "ఇదా నీ చలి?"

"అతనడిగితే చోటుందని నేనే చెప్పానక్కా. చూడకుండా చెప్పాను."

"నేను గుడ్లురిమి చూస్తుంటే ఏం చూస్తావులే," అంది అక్క నెమ్మదిగా. తప్పు ఒప్పుకోవడానికి అక్కకి ఇంతకంటే మాటలు రావు.

అతను ఆ గోరు చూశాడు. మొహం ఎంత వాడిపోయిందంటే, దెబ్బ ఎవరికి తగిలిందో తెలియనివాళ్ళు అతన్నే ఓదార్చేవాళ్ళు.

గుమ్మం ముందు స్కూటరు ఎక్కించే సిమెంటు ఏటవాలు ఉంది. వాన నీళ్ళకి తడిసి మెరుస్తోంది. అదే చాలన్నాడు. ఆమె కొత్త జత తొడుక్కుంది. అతను వంగి, చీలమండ దగ్గర చివరి రెండు రంధ్రాల్లోంచి లేసుని చిన్న ఉంగరంలా తీసి, రెండో వైపు కొసని దాంట్లోంచి దూర్చి లాగి కట్టాడు. మడమ వెనక్కి వెళ్ళి అతుక్కుపోయినట్టు కూర్చుంది. ముందుభాగం నొక్కబోయి, మళ్ళీ అక్కవైపు చూశాడు.

"జరగండి, నేను నొక్కుతా," అని అక్క పిల్లాణ్ణి అతని చేతుల్లో పడేసి వంగింది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. "ఉంది. నా వేలంత ఉంది."

"మీ వేలు కొంచెం సన్నమండీ."

"ఇంకొంచెం ఉందిలెండి. మీ వేలంతే ఉంది."

మిడత తడి సిమెంటు మీంచి దిగింది. మళ్ళీ ఎక్కి, ఈసారి పరిగెత్తుతూ దిగింది. వేళ్ళు దేనికీ తగల్లేదు. కిందకి రాగానే తలెత్తి చూసింది. అతను పిల్లాణ్ణి ఎలా పట్టుకోవాలో తెలియక పెట్టెని పట్టుకున్నట్టు రెండు చేతులతో ముందుకి చాపి పట్టుకుని ఆమె పాదాలకేసి చూస్తున్నాడు. ఆమె కదలకపోయేసరికి చూపు పైకి వచ్చింది. మొదటిసారి మొహం చూశాడు. చూసి, ఎక్కడ చూస్తున్నాడో మర్చిపోయాడు.

"తగిలాయా?" అన్నాడు.

"లేదు," అంది. ఈసారి చూసుకునే చెప్పింది.

వెళ్ళేటప్పుడు పెద్దావిడ గుమ్మంలో ఆగింది. "ఇందాక ఉద్యోగం దాకా ఆగాలన్నావు. ఏమనుకున్నావు తల్లీ?"

"ఏమీ అనుకోలేదు పిన్నిగారూ," అంది అక్క ఎర్రబడి.

"నేను మాత్రం దారంతా అదే అనుకుంటూ వచ్చాను," అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

* * *

పరీక్ష రోజు తెల్లవారుజాము నుంచీ వాన. కొండ అడుగున గుడారం వేసి ఇద్దరు అధికారులు కూర్చున్నారు. అక్క పిల్లాడికి రెండు టోపీలు పెట్టి తెచ్చింది. షాపు అతను కూడా వచ్చాడు. షాపుని అమ్మ చూసుకుంటోందన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

అక్కకి ఎవరి మీదో ఒకరి మీద బెంగ దించుకోవాలి. అతను దొరికాడు.

"పైన పిడుగులు పడతాయంటారా?"

"మబ్బు పల్చగానే ఉందండీ."

"పాములు?"

"ఇంతమంది అడుగుల చప్పుడుకి పారిపోతాయి."

"బండ?"

"బండ సంగతి చెప్పలేనండీ," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే వైపు చూస్తూ నిలబడ్డారు.

ఎక్కేటప్పుడు మిడత ముందుండలేదు. కావాలనే ఓపిక దాచుకుంది. పైన జెండా చుట్టూ తిరిగేసరికి ముందు చాలామంది ఉన్నారు. దిగే దారిలో నీళ్ళు సన్నటి పాయలుగా జారుతున్నాయి. ముందున్నవాళ్ళు బండ అంచున ఆగి, కూర్చుని, చేతులు ఆనించి పాకుతూ దిగుతున్నారు. ఆమె ఆగలేదు. పొట్టి అడుగులు వేస్తూ, మోకాళ్ళు వంచి, పాదం మొత్తం ఆనించి దిగింది. ఒకచోట జారింది. జారింది జానెడే, బూటు పళ్ళు రాతి పగుల్ని పట్టుకున్నాయి. వేళ్ళ సంగతి గుర్తుకే రాలేదు.

గుడారం దాటి వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. అధికారి గడియారం చూసి, ఆమె ఛాతీ మీది నంబరు గట్టిగా చదివి, "పాస్," అన్నాడు. అంతే. అంత పెద్ద మాటని అతను తుమ్మినంత తేలిగ్గా అనేశాడు.

అక్క పిల్లాడి టోపీలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. "తల తుడుచుకోవే, జలుబు చేస్తుంది," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

షాపు అతను కొంచెం దూరంగా ఒక బండ మీద నిలబడి ఉన్నాడు. మిడతే వెళ్ళింది.

"మాట్లాడరేం?"

"పోస్టింగు ఎక్కడిస్తారండీ?"

"కొండల అవతల, అడవి చెక్‌పోస్టు దగ్గరట. బస్సులో సగం రోజు."

అతను తలూపాడు. "మీరు పాసవ్వాలని వారం నుంచీ అదే ధ్యాస. అయ్యాక మీరు వెళ్ళిపోతారన్న సంగతి ఇప్పుడే తట్టింది."

"నాకు ముందే తట్టింది. దిగుతున్నంతసేపూ అదే ఆలోచించాను."

"దిగేటప్పుడా?" అతను నిజంగానే భయపడ్డాడు. "దిగేటప్పుడు ఆలోచనలేంటండీ? ధ్యాసంతా కాళ్ళ మీద ఉండాలి!"

"కాళ్ళ సంగతి మీరు చూశారుగా. అందుకే నాకు మీ గురించి ఆలోచించే తీరిక దొరికింది."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆలోచించి... ఏమనుకున్నారు?"

"బస్సులో సగం రోజంటే మరీ అంత దూరం కాదనుకున్నాను. ఆదివారాలు షాపు తియ్యరు కదా?"

"తియ్యం," అన్నాడు. నిజానికి అన్ని ఆదివారాలూ తీస్తారు. వాళ్ళమ్మకి ఆ మాట ఆ సాయంత్రం చెప్పాల్సి ఉంటుంది.

వాన మళ్ళీ అందుకుంది. అక్క పిల్లాణ్ణి కొంగు కింద దాచుకుని గుడారంలోకి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే కేకేసింది.

"ఇద్దరూ తడుస్తున్నారు. తడిస్తే తడవండి గానీ, ఆ నిలబడేదేదో బండ మీద కాదు, ఇటొచ్చి మట్టి మీద నిలబడండి!"